సరస్సు ఎన్ని చేపలను పోషించగలదు?

గాలం వేసి చేపలు పట్టడం అతి ప్రాచీనమైన విద్య. కడుపు నింపుకోవడానికి గాలం వేసేవారు కొందరు. సెలవు దినాన్ని నీటి మీద గడపడానికి, పెనుగులాడే పెద్ద చేపను నేర్పుతో పడవలోకి లాగడానికి గాలం వేసేవారు మరికొందరు. ఈ రెండవ రకపు వేట ఉత్తర అమెరికాలో గొప్ప వినోదంగా పెరిగింది. దానికి పేరొందిన మంచినీటి సరస్సులలో మిచిగాన్, హ్యూరాన్ ముఖ్యమైనవి.

ఈ సరస్సులకు అంతటి పేరు తెచ్చిన చేప అక్కడ పుట్టినది కాదు. అది పసిఫిక్ మహాసముద్రానికి చెందిన సాల్మన్ చేప. దానిని 1966లో మనుషులే తెచ్చి మిచిగాన్ సరస్సులో వదిలారు. కొద్ది కాలానికే హ్యూరాన్ సరస్సులో కూడా సాల్మన్ వేట సాగింది. దాదాపు నలభై ఏండ్ల తరువాత హ్యూరాన్ సరస్సులో ఆ వేట ఉన్నట్టుండి కూలిపోయింది. మిచిగాన్ సరస్సులో మాత్రం నిలిచింది. పక్కపక్కనే ఉన్న రెండు సరస్సులలో ఫలితం ఇలా వేరు కావడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఏ సరస్సు అయినా, మన ఊరి చెరువైనా, ఎన్ని చేపలను పోషించగలదో ఆలోచించే విధానం తెలుస్తుంది.

సరస్సుల స్వరూపం

అమెరికా, కెనడా సరిహద్దు ప్రాంతంలో సుపీరియర్, మిచిగాన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో అనే అయిదు మహాసరస్సులు ఉన్నాయి. భూమి ఉపరితలం మీద ద్రవరూపంలో ఉన్న మంచినీటిలో దాదాపు అయిదవ వంతు ఈ అయిదింటిలోనే ఉన్నది. హిమయుగంలో కదిలిన మంచు పలకలు నేలను దొలిచివేయగా ఏర్పడిన పల్లాలలో, ఆ మంచు కరిగి వెనుకకు తగ్గిన తరువాత నీరు నిలిచి ఇవి ఏర్పడ్డాయి.

మిచిగాన్ సరస్సు వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్ర వైశాల్యంలో సగానికి మించినది. దాని అత్యధిక లోతు 281 మీటర్లు. హ్యూరాన్ సరస్సు వైశాల్యంలో దానికి కొంచెం పెద్దది, లోతులో కొంచెం తక్కువది. మాకినాక్ జలసంధి ఈ రెండింటిని కలుపుతున్నది. అందువల్ల రెండింటి నీటిమట్టం ఒక్కటే. చేపలు ఒకదానినుంచి మరొకదానికి ఈదిపోవడానికి అడ్డు లేదు. కొద్ది మీటర్ల లోతు మాత్రమే గల మన కొల్లేరుతో పోల్చి చూస్తే ఇవి దాదాపు సముద్రాల వంటివి.

నీటిలో పొరలు

ఇంత లోతైన నీటిలో చేప ఎక్కడ ఉంటుందో వేటగాడికి ఎలా తెలుస్తుంది? దీనికి మొదటి ఆధారం ఉష్ణోగ్రత.

నీటికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. అది 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికంటె ఎక్కువ సాంద్రత కలిగి ఉంటుంది. వేసవిలో ఎండకు పై నీరు వేడెక్కి తేలిక అవుతుంది. చల్లని బరువైన నీరు అడుగున ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య ఒక పలుచని పొరలో, కొద్ది మీటర్ల దూరంలోనే ఉష్ణోగ్రత చాలా తగ్గిపోతుంది. ఆ పొరను థర్మోక్లైన్ అంటారు. గాలి వీచినప్పుడు పైపొర మాత్రమే కలుస్తుంది, అడుగు నీరు కదలకుండా ఉంటుంది.

దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చును. పొడవైన గాజు గ్లాసులో సగం వరకు నీలిరంగు కలిపిన చల్లని నీరు పోయాలి. ఎర్రరంగు కలిపిన వేడినీటిని ఒక చెంచా మీదుగా మెల్లగా దానిపై జారవిడవాలి. రెండు రంగులు కలియకుండా పొరలుగా నిలుస్తాయి. గొట్టంతో పైన మెల్లగా ఊదితే ఎర్రనీరు తిరుగుతుంది కాని నీలినీరు కదలదు. అదే ప్రయోగం సమాన ఉష్ణోగ్రత గల నీటితో చేస్తే రంగులు వెంటనే కలిసిపోతాయి.

సాల్మన్ చల్లని నీటి చేప. చినూక్ అనే పెద్ద జాతి సాల్మన్‌కు 11 నుంచి 13 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. వేసవి నడుమ అటువంటి నీరు థర్మోక్లైన్ దరిదాపులలోనే దొరుకుతుంది. అందుచేత అక్కడి వేటగాళ్లు బరువైన సీసపు గుండును తీగతో దించి, దాని వెంట ఎరను కావలసిన లోతుకు పంపి, పడవను మెల్లగా నడుపుతారు. చేప గాలాన్ని పట్టగానే దారం గుండునుంచి విడిపోతుంది. ఒడ్డునుంచి లోపలికి గాలి గట్టిగా వీచిన రోజున వెచ్చని పైనీరు దూరంగా కొట్టుకుపోయి, దాని స్థానంలోకి అడుగునుంచి చల్లని నీరు ఒడ్డు దగ్గరకు వస్తుంది. ఆ రోజు సాల్మన్ కూడా ఒడ్డుకు చేరువవుతుంది.

ఆహారపు గొలుసు

ఉష్ణోగ్రత చేప ఎక్కడ ఉంటుందో చెబుతుంది. ఎన్ని చేపలు ఉంటాయో చెప్పేది మాత్రం ఆహారం.

నీటిలో తేలుతూ కంటికి కనబడని చిన్న మొక్కలు ఉంటాయి. వీటిని వృక్షప్లవకాలు అంటారు. ఇవి సూర్యకాంతితో, నీటిలోని భాస్వరం, నత్రజని లవణాలతో పెరుగుతాయి. వీటిని జంతుప్లవకాలు తింటాయి. జంతుప్లవకాలను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ప్రతి మెట్టులోను తిన్న ఆహారంలో చాలా భాగం శ్వాసకు, కదలికకు ఖర్చయిపోతుంది. సుమారు పదవ వంతు మాత్రమే శరీరంగా నిలుస్తుంది. ఈ లెక్కన పది కిలోల సాల్మన్ ఒకటి పెరగాలంటే వంద కిలోల చిన్న చేపలు, వాటికి వెయ్యి కిలోల జంతుప్లవకాలు, వాటికి పదివేల కిలోల వృక్షప్లవకాలు కావాలి. ఇది స్థూలమైన లెక్కే అయినా విషయాన్ని స్పష్టం చేస్తుంది. బీడులో గడ్డిని బట్టి మంద ఎలా ఉండాలో, సరస్సులో మేతను బట్టి వేటచేపలు అలా ఉండాలి.

పూర్వం మిచిగాన్, హ్యూరాన్ సరస్సులలో ఈ గొలుసు చివర ఉన్నది లేక్ ట్రౌట్ అనే స్థానిక చేప. 1940ల నడుమ మిచిగాన్ సరస్సులోనే ఏటా యాభై లక్షల పౌనులకు మించి లేక్ ట్రౌట్‌ను జాలరులు పట్టేవారు. పదేండ్లు తిరిగేసరికి అక్కడ ఆ చేప దాదాపు లేకుండా పోయింది.

నయాగరాను దాటి వచ్చిన శత్రువు

లేక్ ట్రౌట్ నాశనానికి మితిమీరిన వేట ఒక కారణం, సముద్రపు లాంప్రే మరొక కారణం. లాంప్రే దవడలు లేని, పాము వంటి దేహం గల ప్రాణి. గుండ్రని నోటిలో వరుసలుగా ఉన్న పండ్లతో అది చేప దేహాన్ని పట్టుకొని, చర్మాన్ని తొలిచి రక్తం, ద్రవాలు పీలుస్తుంది. అట్లాంటిక్ సముద్రంలోని పెద్ద చేపలు దీనిని కొంతవరకు తట్టుకోగలవు. సరస్సులోని ట్రౌట్‌కు ఆ శక్తి లేదు.

సుమారు 50 మీటర్ల ఎత్తు గల నయాగరా జలపాతం వేల సంవత్సరాలుగా ఎగువ సరస్సులకు కోటగోడగా నిలిచింది. ఓడలు జలపాతాన్ని తప్పించుకొని పోవడానికి 1829లో వెల్లండ్ కాలువను తెరిచారు. తరువాత దానిని పెంచి లోతు చేశారు. ఓడలకు తెరిచిన దారి లాంప్రేకు కూడా దారి అయింది. అది 1921లో ఈరీ సరస్సులో, 1936లో మిచిగాన్‌లో, 1937లో హ్యూరాన్‌లో, 1938లో సుపీరియర్‌లో కనిపించింది.

లాంప్రే గుడ్లు పెట్టడానికి వాగులలోకి పోతుంది. దాని పిల్లలు కొన్నేండ్లపాటు వాగు బురదలో దాగి పెరుగుతాయి. అక్కడే వాటిని నిర్మూలించాలని శాస్త్రజ్ఞులు తలపెట్టారు. ఇతర చేపలకు అంతగా హాని చేయక లాంప్రే పిల్లలను మాత్రం చంపే మందు కావాలి. సుమారు 6,000 రసాయనాలను ఒకటొకటిగా పరీక్షించిన తరువాత టి.ఎఫ్.ఎం. అనే పదార్థం దొరికింది. 1958లో దానిని వాగులలో ప్రయోగించడం మొదలుపెట్టారు. కాలక్రమాన లాంప్రేల సంఖ్య దాదాపు పదవ వంతుకు తగ్గింది. అయితే ఈ పోరాటానికి అంతం లేదు. కరోనా వ్యాధి కారణంగా 2020, 2021 సంవత్సరాలలో మందు ప్రయోగం తగ్గగానే లాంప్రేలు తిరిగి పెరిగాయి.

వెండి చేపల వెల్లువ

వేటచేప పోయిన సరస్సులో చిన్న చేపకు అదుపు ఉండదు. ఏల్‌వైఫ్ అనే చేప అట్లాంటిక్ తీరానిది, జానెడు పొడవు ఉండే వెండిరంగు చేప. అది కూడా కాలువల దారినే వచ్చింది. మిచిగాన్ సరస్సులో 1949లో మొదట కనిపించింది. తినే ట్రౌట్ లేకపోవడంతో విపరీతంగా పెరిగి, 1960ల నడుమ ఆ సరస్సులోని చేపల మొత్తం బరువులో నూటికి ఎనభై తొంభై పాళ్లు తానే అయింది. స్థానిక చేపల పిల్లలను తినివేసింది, వాటి ఆహారాన్ని కాజేసింది. చలికి, ఉష్ణోగ్రతలోని ఆకస్మిక మార్పులకు తట్టుకోలేక గుంపులుగా చచ్చేది. 1967 వేసవిలో చచ్చిన ఏల్‌వైఫ్‌లు చికాగో మొదలైన నగరాల తీరాలలో గుట్టలుగా పడగా, యంత్రాలతో ఎత్తి పారవేయవలసి వచ్చింది.

సాల్మన్ రాక

1964లో మిచిగాన్ రాష్ట్రపు మత్స్యశాఖకు అధిపతిగా వచ్చిన హోవర్డ్ టానర్ ఈ చేపల గుట్టలను వేరొక దృష్టితో చూశాడు. పనికిరాని ఏల్‌వైఫ్ ఎవరికో మంచి మేత కావచ్చు. మేత విస్తారంగా ఉన్నప్పుడు దానిని తినే వేటచేపను తెస్తే రెండు లాభాలు కలుగుతాయి: ఏల్‌వైఫ్ తగ్గుతుంది, ప్రజలకు గొప్ప వేట దొరుకుతుంది. పసిఫిక్ తీరంలోని ఓరెగాన్ రాష్ట్రం నుంచి కోహో జాతి సాల్మన్ గుడ్లను తెప్పించి, పొదిగించి, 1966 వసంతంలో సుమారు ఆరున్నర లక్షల పిల్లలను మిచిగాన్ సరస్సులో కలిసే వాగులలో వదిలారు. 1967లో చినూక్ పిల్లలను కూడా వదిలారు.

ఫలితం అంచనాలను మించింది. ఏల్‌వైఫ్‌లను మెక్కి, ఏడాదిన్నరలోనే కోహో చేపలు అయిదారు కిలోలు, అంతకు పైగా బరువు పెరిగాయి. 1967 శరత్కాలంలో వేలాది ప్రజలు చిన్న చిన్న పడవలతో తీరానికి తరలివచ్చారు. ఆ ఉత్సాహంలో సెప్టెంబరు 23న తుఫానులో చిక్కి ఏడుగురు మరణించారు కూడా. తరువాతి సంవత్సరాలలో మానిస్టీ, లడింగ్టన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చిన్న రేవులు సాల్మన్ వేటకు ప్రసిద్ధి కెక్కాయి.

సాల్మన్ తాను పెరిగిన వాగుకే తిరిగి వచ్చి గుడ్లు పెట్టి మరణిస్తుంది. ఇంత పెద్ద నీటిలో అది తన వాగును ఎలా గుర్తిస్తుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హేస్లర్, ఆయన సహచరులు దీనిని మిచిగాన్ సరస్సులోనే పరీక్షించారు. కోహో పిల్లలను వదిలే ముందు మార్ఫొలిన్ అనే రసాయనం అతి స్వల్పంగా కలిపిన నీటిలో ఉంచారు. అవి పెరిగి తిరిగి వచ్చే కాలానికి ఒక వాగులో ఆ రసాయనాన్ని కలిపారు. మార్ఫొలిన్ వాసన ఎరిగిన చేపలు ఆ వాగులోకే వచ్చాయి. వాసనే వాటికి దారి చూపుతున్నదని ఈ ప్రయోగం నిరూపించింది.

మేతలో దాగిన చిక్కులు

ఒకే మేతమీద ఆధారపడిన వేటచేపకు ఆ మేతలోని లోపాలన్నీ సంక్రమిస్తాయి. ఏల్‌వైఫ్ దేహంలో థయమినేజ్ అనే ఎంజైము ఉన్నది. అది బి1 విటమినును నాశనం చేస్తుంది. ఏల్‌వైఫ్‌లనే తిన్న సాల్మన్, ట్రౌట్ చేపల గుడ్లలో ఆ విటమిను లోపించి, పుట్టిన పిల్లలు త్వరలోనే చనిపోయేవి. తిరిగి వదిలిన లేక్ ట్రౌట్ అక్కడ స్వయంగా వృద్ధి చెందలేకపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం.

విషాలు కూడా ఇదే గొలుసు మెట్లమీదుగా పైకి ఎక్కుతాయి. నీటిలో లేశమాత్రంగా ఉన్న డి.డి.టి. ప్రతి మెట్టులోను చిక్కబడి సాల్మన్ కొవ్వులో పేరుకొన్నది. 1969లో ప్రభుత్వం మిచిగాన్ సరస్సు కోహో చేపలను డి.డి.టి. కారణంగా స్వాధీనం చేసుకొన్నది. డి.డి.టి., పి.సి.బి.ల నిషేధం తరువాత ఇవి చాలా తగ్గాయి. అయినా ఏ చేపను నెలకు ఎన్నిసార్లు తినవచ్చునో తెలిపే సూచనలను అక్కడి రాష్ట్రాలు నేటికీ ప్రకటిస్తున్నాయి.

తేటనీటి వెనుక ఆకలి

1980ల చివర మరొక అతిథి వచ్చింది. నల్లసముద్ర ప్రాంతపు జీబ్రా, క్వాగా అనే చిన్న ఆల్చిప్పలు ఓడలు తూకం కోసం నింపుకొన్న నీటిలో దాగి మహాసరస్సులకు చేరాయి. ఒక్కొక్క ఆల్చిప్ప రోజుకు లీటరు దాకా నీటిని వడగట్టి అందులోని వృక్షప్లవకాలను తినివేయగలదు. క్వాగా లోతైన చల్లని అడుగున కూడా బతుకుతుంది కనుక 2000 తరువాత సరస్సు అడుగున విస్తారంగా పరచుకొన్నది.

సరస్సు నీరు తేట పడింది. చూడటానికి ముచ్చటగానే ఉన్నది. కాని నీటిలోని ఆ మసకే చేపల అన్నానికి మూలమని ముందే చూశాము. గొలుసు మొదటి మెట్టులోని ఆహారం ఆల్చిప్పల పాలు కావడంతో జంతుప్లవకాలు తగ్గాయి, వాటిని తినే ఏల్‌వైఫ్ తగ్గింది.

సరిగా ఇదే కాలంలో హ్యూరాన్ సరస్సులో చినూక్‌ల సంఖ్య ఎక్కువగా ఉన్నది. కేంద్రాలలో పొదిగించి వదిలినవి మాత్రమే కాక, కెనడా వైపు వాగులలో వాటంతట అవి పుట్టినవి చాలా చేరాయి. వదిలే పిల్లల సంఖ్యను మనిషి తగ్గించగలడు, వాగులో పుట్టేవాటిని లెక్కించడమే కష్టం. కిందినుంచి మేత తగ్గింది, పైనుంచి నోళ్లు పెరిగాయి. 2003 నాటికి హ్యూరాన్ సరస్సులో ఏల్‌వైఫ్ కూలిపోయింది. చినూక్‌లు బక్కచిక్కి, కొద్ది ఏండ్లలోనే దాదాపు అదృశ్యమయ్యాయి. వేటగాళ్లు రావడం మానివేయగా తీరపు ఊళ్లలో పడవల యజమానులు, ఎరలు అమ్మేవారు, వసతి గృహాలవారు నష్టపోయారు. తరువాత హ్యూరాన్‌లో గుర్తు వేసి వదిలిన చినూక్‌లు అనేకం మిచిగాన్ సరస్సులో పట్టుబడ్డాయి. మేత ఉన్నచోటికి అవి జలసంధి దాటిపోతున్నాయన్నమాట.

అయితే హ్యూరాన్ సరస్సు శూన్యం కాలేదు. ఏల్‌వైఫ్ పోగానే దాని నోట పడుతూ వచ్చిన స్థానిక చేపల పిల్లలు బతకసాగాయి. సాగినా అఖాతంలో వాల్ఐ అనే స్థానిక చేప ఎంతగా పెరిగిందంటే, 2006లో దాని పిల్లలను వదలడం మానివేశారు. లేక్ ట్రౌట్ కూడా తిరిగి స్వయంగా వృద్ధి చెందసాగింది.

మిచిగాన్ సరస్సులో తీసుకొన్న నిర్ణయం

మిచిగాన్ సరస్సు చుట్టూ ఉన్న రాష్ట్రాల అధికారులు ఈ పాఠాన్ని గ్రహించారు. 1999లోను, 2006లోను తగ్గించిన చినూక్ పిల్లల సంఖ్యను 2013లో సుమారు సగానికి తగ్గించారు. ఎక్కువ పిల్లలను వదిలితే ఎక్కువ చేపలు పడతాయని నమ్మే వేటగాళ్లకు ఇది మొదట రుచించే మాట కాదు. కాని మేత చాలని చోట నోళ్లు పెంచితే ఉన్నవన్నీ ఆకలితో మాడుతాయి.

అక్కడ ప్రతి సంవత్సరం అడుగు వలలతోను, ధ్వని తరంగాల సాధనాలతోను ఏల్‌వైఫ్‌ల మొత్తం బరువును అంచనా వేస్తారు. దానిని చినూక్‌ల బరువుతో పోలుస్తారు. ఇరవై కిలోల ఏల్‌వైఫ్‌కు ఒక కిలో చినూక్ చొప్పున ఉంటే క్షేమం. పది కిలోలకు ఒక కిలో చొప్పున అయితే అపాయం. ఈ నిష్పత్తిని చూసుకొంటూ పిల్లలను తగ్గించడం, మేత కోలుకొన్నప్పుడు కొద్దిగా పెంచడం జరుగుతున్నది. ఒకనాడు తీరాల మీద కుళ్లి కంపు కొట్టిన ఏల్‌వైఫ్‌ను ఈనాడు ప్రాణప్రదంగా కాపాడుకోవలసి వచ్చింది. క్వాగా ఆల్చిప్ప ఇంకా అడుగుననే ఉన్నది కనుక, మిచిగాన్ సరస్సు కూడా ఈ అపాయాన్ని పూర్తిగా దాటిందని చెప్పడానికి వీలులేదు.

మన చెరువులకు అన్వయం

మన దేశానికి మొజాంబిక్ తిలాపియా 1952లో వచ్చింది. త్వరగా పెరిగే చౌక ఆహారమని దానిని ఆహ్వానించారు. అది అనేక చెరువులలో విపరీతంగా పిల్లలు పెట్టి, ఎదుగుదల లేక గిడసబారి, ఇతర చేపల మేతకు పోటీ అయింది. కొత్త చేపను నీటిలో వదలడం సులభం, తిరిగి ఏరివేయడం దాదాపు అసాధ్యం.

బొచ్చె, రోహు, మోసు చేపల పిల్లలను మన చెరువులలో, జలాశయాలలో ఏటా వదులుతున్నారు. వీటిలో బొచ్చె పై నీటిలోను, రోహు నడుమను, మోసు అడుగునను మేస్తాయి. అందుకే మూడింటినీ కలిపి వదిలితే చెరువులోని మేత అంతా వినియోగమవుతుంది. కాని ఎన్ని వదలాలనే ప్రశ్నకు చెరువు వైశాల్యం ఒక్కటే సమాధానం చెప్పదు. ఎండాకాలంలో నిలిచే నీరెంత, అందులో ప్లవకాలు ఎంత, తినడానికి కాచుకొన్న కొర్రమీను, వాలుగలు ఎన్ని అనేవి కూడా చూడాలి.

విద్యార్థులు తమ ఊరి చెరువులో ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చును. తెల్లని పళ్లెం వంటి బిళ్లకు తాడు కట్టి, పెద్దల తోడుతో గట్టుమీద నుంచో తూము మీద నుంచో నీటిలోకి దించాలి. ఎంత లోతున అది కంటికి కనబడకుండా పోతుందో కొలవాలి. వానలు లేని రోజులలో, బురద కలగని నీటిలో ఆ లోతు తక్కువగా ఉంటే ప్లవకాలు మెండుగా ఉన్నట్టు, ఎక్కువగా ఉంటే తక్కువగా ఉన్నట్టు స్థూలంగా భావించవచ్చును. నెలకొకసారి కొలిచి, ఆ అంకెలను జాలరులు పట్టిన చేపల బరువుతో కలిపి ఒక పట్టికలో రాసుకొంటే, రెండు మూడేండ్లలో ఆ చెరువు శక్తి ఎంతో కొంత తెలుస్తుంది. మిచిగాన్ సరస్సులో శాస్త్రజ్ఞులు ఏటా వేసుకొంటున్న లెక్కకు మూలసూత్రం ఇదే.